హానియు పరిహారమును

ఒకని అజాగ్రత్తవలన మరియొకని దేహమునకు గాయమైనపుడు లోకము రెండు ప్రశ్నలు వేయును. తప్పు చేసినవానిని ఏమి చేయవలెను అనునది మొదటిది. గాయపడినవానికి ఏమి ఈయవలెను అనునది రెండవది. పైకి ఈ రెండును ఒకటే వలె తోచును గాని వీని నడుమ చాల దూరము కలదు. మొదటిదానికి జవాబు దండనము. దానిని విధించునదియు, పుచ్చుకొనునదియు రాజ్యమే. రెండవదానికి జవాబు పరిహారము; అది గాయపడినవాని యింటికి చేరవలెను. దండనమును గురించి మానవుడు ఎంతో ఆలోచించెను. పరిహారమును గురించి అంతగా ఆలోచించినట్లు కానరాదు.

కౌటిల్యుని అర్థశాస్త్రమే యిందుకు నిదర్శనము. ధాన్యము, నూనె, క్షారము, ఉప్పు, సుగంధద్రవ్యము, ఔషధము అనువానిలో అదే రంగు గల వేరొక పదార్థమును కలిపి అమ్మువానికి ఆయన కంటకశోధనమను అధికరణమున 12 పణముల దండుగ విధించెను. ప్రాణాపాయమైన రోగమునకు ముందుగా తెలియజేయక చికిత్స చేసిన వైద్యుని చేతిలో రోగి మరణించినచో ఆ వైద్యునికిని దండనము కలదు. కల్తీని గురించియు, వైద్యుని అలసత్వమును గురించియు ఇంత ప్రాచీనకాలముననే ఇంత స్పష్టముగా చెప్పినందుకు ఈ దేశము గర్వింపవచ్చును. అయినను ఆ 12 పణములు కల్తీ నూనె తిని మంచము పట్టినవాని కొరకు ఉద్దేశింపబడినవి కావు. కల్తీ వర్తకుడు లోకయాత్రకు ముల్లు వంటివాడు. ముల్లు తీసివేయుటతో రాజు పని తీరినది. ముల్లు గ్రుచ్చుకొన్న పాదము మాట ఆ విధిలో లేదు.

ఆధునిక న్యాయము ఆ పాదమువైపు చూచుట నేర్చుకొన్నది. కాని చూచుటకు ముందు అది తరచుగా ఒక మాట అడుగుచున్నది: నీవెవరవు? కొన్నవాడవా, ఊరక పుచ్చుకొన్నవాడవా? టిక్కెట్టు గల ప్రయాణికుడవా, బస్తాల నడుమ కూర్చున్నవాడవా? జీతము పుచ్చుకొనువాడవా, జీతమే లేనివాడవా? గాయము ఎక్కడ అని అడుగుటకు ముందు ఈ ప్రశ్నలు అడుగుట న్యాయమా అనునది ఇక్కడి విచారము.

ఈ విచారమును పట్టణమున కంటె బాసగూడవంటి చోట నిలిపి చూచుట మేలు. పూర్వపు బస్తరు సీమలో, నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు బీజాపూరు జిల్లాలో, తాలిపేరు నది ఒడ్డున ఆ ఊరు కలదు. ఆ నదియే దిగువన చర్ల ప్రాంతమున తెలుగునేల ప్రవేశించి గోదావరిలో కలియును. ఆ సీమ సంతలలో కోయమాటతో బాటు తెలుగును వినవచ్చును. ఇప్పపువ్వు, చింతపండు, తునికాకు, సారపప్పు అడవినుండి సంతకు వచ్చును. ఉప్పు, నూనె, బట్ట, సబ్బు, మాత్రలు సంతనుండి అడవికి పోవును. సారపప్పు ఇచ్చి ఉప్పు తెచ్చుకొనుట బస్తరులో చిరకాలపు వాడుక.

అట్లు తెచ్చుకొన్న ఉప్పులోనో నూనెలోనో విషమున్నదనుకొందము. ఆ కుటుంబము ఎవరిని అడుగవలెను? వస్తువును తయారుచేసినవాడు వందలకొలది మైళ్ల దూరమున నుండును. అమ్మినవాడు వచ్చే వారము మరియొక సంతలో నుండును. పొట్లముపై అచ్చైన అక్షరములు ఇంటిలో ఎవరును చదువలేనివి కావచ్చును. రశీదు అను మాటయే అక్కడ పుట్టలేదు.

చట్టము వీరిని మరచినదని చెప్పుట సత్యము కాదు. 2020 జులై 20 నుండి అమలునకు వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, లోపము గల వస్తువువలన దేహమునకు హాని కలిగినచో తయారుచేసినవాడును, కొన్ని సందర్భములలో అమ్మినవాడును బాధ్యులగుదురని ప్రత్యేకముగా ఒక అధ్యాయమే చేర్చినది. కొన్నవాడే గాక అతని అనుమతితో ఆ వస్తువును వాడినవాడును వినియోగదారుడే. బాధితుడు తన నివాసమున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. మూల్యము 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు. మూల్యమనగా నాణెమే కానక్కర లేదు గనుక సారపప్పును మూల్యమేయని వాదింపవచ్చును. కాని వాదించుట వేరు, రుజువు చేయుట వేరు. రెండేండ్ల గడువు లోపల, ఏ పొట్లము, ఏ కొట్టు, ఏ దినము అని చూపవలసినవాడు, ఆ పొట్లపు కాగితమును ఆనాడే పొయ్యిలో వేసినవాడు. చట్టము తలుపు తెరచియున్నది. గడప మాత్రము చాల ఎత్తున కట్టబడినది.

ఇక్కడ ఒక పరదేశపు వ్యాజ్యమును స్మరించుట అవసరము. 1928 ఆగస్టులో స్కాట్లండులోని పెయిస్లీ పట్టణమున ఒక స్త్రీ ఫలహారశాలలో అల్లపు పానీయము త్రాగెను. సీసా లోపలిది కానరాని గాజుతో చేయబడినది. మిగిలిన పానీయమును పోయునపుడు కుళ్లిన నత్త బయటపడినదనియు, తాను జబ్బుపడితిననియు ఆమె ఆరోపణ. ఆ సీసాను కొన్నది ఆమె కాదు. ఆమె స్నేహితురాలు కొనిపెట్టినది. కొట్టువానితో ఆమెకు ఒప్పందము లేదు, తయారుచేసినవానితో అంతకంటె లేదు. అంతకుముందరి సిద్ధాంతము ప్రకారము ఆమెకు దారి మూసికొనిపోయినట్లే. వ్యాజ్యపు ఖర్చులు భరింపలేని పేదరాలుగా ఆమె బ్రిటిషు ప్రభువుల సభ వరకు పోయెను. 1932 మే నెలలో అయిదుగురు న్యాయాధిపతులలో మువ్వురు ఆమె పక్షము వహించిరి. వారిలో అట్కిన్ ప్రభువు ఒక ప్రశ్న వేసికొనెను: చట్టము దృష్టిలో నా పొరుగువాడెవడు? నా చేతవలన హాని పొందునని ముందుగా ఊహింపదగిన ప్రతివాడును నా పొరుగువాడేయని ఆయన సమాధానపు సారము.

ఆ సీసాలో నత్త నిజముగా ఉండెనా అన్నది నేటివరకు తేలలేదు. విచారణకు రాకమునుపే వ్యాజ్యము రాజీపడినది. అయినను ఆ తీర్పు నిలిచినది. హాని చేయకుండుట అను ధర్మమును అది డబ్బునుండి వేరుచేసినది. దేహము నొచ్చుకొనగలదు, కావున జాగ్రత్త వహింపవలెను. డబ్బు ఎవరు ఇచ్చిరి అనునది తరువాతి మాట. ఈ దృష్టితో చూచినచో బాసగూడ సంతలో ఉప్పు పుచ్చుకొన్న కోయస్త్రీ, ఆమె బిడ్డ, ఆమె యింట గంజి త్రాగిన చుట్టము, అందరును ఆ ఉప్పు చేసినవానికి పొరుగువారే.

ఈ వెలుగు ఉచితముగా ఇచ్చు సేవపై పూర్తిగా ప్రసరింపలేదు. 1995 నవంబరులో భారత వైద్యసంఘము, శాంత అను వారి వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము వైద్యులను వినియోగదారుల చట్టము క్రిందికి తెచ్చినది. అది గొప్ప తీర్పు. కాని అందరికిని ఉచితముగా చికిత్స చేయు ఆసుపత్రి ఆ చట్టమునకు వెలుపలనే ఉండిపోయినది. ఉచితసేవను చట్టమే మినహాయించినది గనుక న్యాయస్థానము అంతకుమించి చేయలేకపోయినది. కొందరివద్ద పుచ్చుకొని కొందరికి ఉచితముగా చేయు ఆసుపత్రిలో పేదకును ఆ హక్కు కలదు. అందరును పేదలే అయిన ఆసుపత్రిలో ఎవరికిని లేదు! సివిలు న్యాయస్థానపు దీర్ఘమార్గము మాత్రమే వారికి మిగిలినది.

ఈ భేదము ఎంత బరువైనదో అదే ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున 2014 నవంబరు 8 చూపినది. బిలాస్‌పూరు జిల్లాలోని పెండారి వద్ద జరిగిన ప్రభుత్వ శిబిరమున ఒక్కనాడు, కొద్ది గంటలలో, 83 మంది స్త్రీలకు కుటుంబనియంత్రణ శస్త్రచికిత్స చేయబడినది. ఆ శిబిరమునకును, ఆ దినములందే సమీపమున జరిగిన మరికొన్నింటికిని వచ్చినవారిలో పదిమందికి మించి మరణించిరి. వారు వస్తువు కొనలేదు, రుసుము చెల్లింపలేదు. అయినంత మాత్రమున ఆ కత్తి శుభ్రముగా నుండవలెనను ధర్మము సడలునా? 2016 సెప్టెంబరులో దేవికా బిశ్వాస్ వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము అట్టి శిబిరములను మూడేండ్లలోగా మాన్పవలెనని ఆదేశించినది. పోయినవారి పిమ్మట వచ్చిన ఆదేశమది.

దీనికి ఎదురువాదము లేకపోలేదు, అది తేలికైనదియు కాదు. అడవి అంచున ఒంటరిగా, చాలని మందులతో పనిచేయు వైద్యుని నెత్తిన వ్యాజ్యభయము పెట్టినచో అతడు అక్కడ నిలుచునా? దానము చేయుచేతికి సంకెల వేసినచో దానమే ఆగిపోదా? ఈ భయము నిజమైనదే. కాని ఇందుకు జవాబు హక్కును తీసివేయుటలో లేదు. వైద్యుడు తనకు గల సాధనములతో ఎంత చేయగలడో అంతే అతనినుండి కోరవలెను. సాధనములు ఇయ్యని లోపము ఇయ్యనివారిపై నిలువవలెను. ఉచితమైనంత మాత్రమున వైద్యము దానమనుటయు సరికాదు. ప్రజాధనముతో నడుచు ఆసుపత్రికి ఉప్పు కొన్నవాడును, సబ్బు కొన్నవాడును ఏదో యొక పన్ను రూపమున చెల్లించియే యున్నాడు. అది దానము కాదు, ఋణము తీర్చుట.

రహదారియందును ఇదే కథ. 2024 మే 20న ఛత్తీస్‌గఢ్‌లోని కబీర్‌ధాం జిల్లాలో తునికాకు కోసి తిరిగివచ్చుచున్న బైగా కూలీలతో నిండిన సరకులబండి లోయలో పడి 19 మంది మరణించిరి. వారిలో దాదాపు అందరును స్త్రీలే. అడవిదారిలో బస్సు రాదు. వచ్చినది సరకులబండి, దానినే ఎక్కుదురు. సరకులబండిలో ఊరక ఎక్కిన ప్రయాణికునికి బీమాసంస్థ బాధ్యత వహింపనక్కర లేదని సర్వోన్నత న్యాయస్థానము 2002 డిసెంబరులో ఆశారాణి వ్యాజ్యమున చెప్పియున్నది. అట్టి సందర్భములలో భారము యజమానిపై పడును. అతడు చెల్లింపగలడో లేడో దైవమెరుగును. బీమా ఒప్పందపు తర్కమునకు ఇది సరిపోవును. ఎక్కినవారి యెముకలకు మాత్రము ఆ బండి సరకులదా, మనుష్యులదా అను భేదము తెలియదు.

పరిహారము లభించినచోటనైనను మరియొక చిక్కు కలదు. రహదారి ప్రమాదమున మరణించినవాని యేటి ఆదాయము తీసికొని, సొంతఖర్చు తగ్గించి, వయస్సునుబట్టిన గుణకముతో హెచ్చింతురు. ఇది పక్షపాతము లేని గణితమే. కాని ఎక్కువ సంపాదించినవాని ప్రాణము ఎక్కువ వెలగలదైపోవును. ఇప్పపువ్వు ఏరి, కట్టెలు మోసి, నీళ్లు తెచ్చి సంసారము నడపిన స్త్రీ ఆదాయపు గడిలో సున్న మిగులును. న్యాయస్థానములు దీనిని గుర్తింపకపోలేదు. 1989లో జంషెడ్‌పూరున జరిగిన అగ్నిప్రమాదమునకు సంబంధించిన లతా వాధ్వా వ్యాజ్యమున 2001లో గృహిణి సేవలకు నెలకు 3,000 రూపాయలు లెక్క కట్టిరి. 2021 జనవరిలో కీర్తి వ్యాజ్యమున ఇంటిపనికి ఆదాయమును ఊహించి నిర్ణయించుట ఆమె శ్రమకును గౌరవమునకును గుర్తింపని చెప్పిరి. వెలలేనిదానికి వెలకట్టుట దోషమే. వెల కట్టకుండుట అంతకంటె దోషము.

కొనుటతో నిమిత్తము లేని బాధ్యతను భారతదేశము మరియొకచోట పూర్తిగా అంగీకరించినది. 1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు పీల్చినవారు ఆ కర్మాగారమునుండి ఏమియు కొనలేదు. గాలి పీల్చుటయే వారు చేసినది. మరుసటి డిసెంబరులో ఢిల్లీలోని శ్రీరాం కర్మాగారమునుండి ఆమ్లవాయువు వెలువడినపుడు, 1986 డిసెంబరు 20న న్యాయమూర్తి భగవతి నాయకత్వమున సర్వోన్నత న్యాయస్థానము పూర్ణబాధ్యతా సిద్ధాంతమును స్థాపించినది. అపాయకరమైన వృత్తితో లాభము గడించువాడు హాని కలిగినపుడు ఏ మినహాయింపును కోరరాదు. సంస్థ ఎంత పెద్దదో పరిహారమును అంత పెద్దది కావలెను. 2020 మే 7న విశాఖపట్టణమున వెంకటాపురము వద్ద స్టైరీను వాయువు వ్యాపించి 12 మంది మరణించినపుడు, మరునాడే జాతీయ హరిత న్యాయాధికరణము ఆ సంస్థను 50 కోట్ల రూపాయలు జమచేయుమన్నది. ఎవరు అజాగ్రత్తగా ఉండిరో బాధితులు రుజువు చేయువరకు అది వేచియుండలేదు.

బాసగూడకు మరలివచ్చినచో, అక్కడివారి గాయములలో మిక్కిలి లోతైనవి సంతలో తగిలినవి కావు. 2005 తరువాతి సంఘర్షణలో ఆ ఊరు ఖాళీయైపోయినది. జనులు శిబిరములకో, గోదావరి లోయలోని తెలుగు పల్లెలకో పోయిరి. 2012 జూన్ 28 రాత్రి ఊరికి చేరువనున్న సార్కెగూడ వద్ద భద్రతాదళముల కాల్పులలో 17 మంది మరణించిరి. వారు మావోయిస్టులనుటకు తగిన సాక్ష్యము లేదని న్యాయవిచారణ సంఘము 2019లో నివేదించినది. జవాబు రాజ్యమునుండియే రావలసినపుడును సూత్రము మారదు. ప్రాథమికహక్కుల భంగమునకు పరిహారమీయవలసినపుడు సార్వభౌమత్వమను కవచము రాజ్యమును కాపాడదని 1993లో నీలావతీ బెహరా వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము చెప్పియున్నది. పౌరుడు రాజ్యమునకు అందరికంటె దగ్గరి పొరుగువాడు.

కావున పరిహారధర్మమునకు పరీక్ష రశీదు గలవాని విషయమున జరుగదు. అతడు తన దారి తాను చూచుకొనగలడు. వస్తువును గురించి అన్నియు తెలిసినవాడు తయారుచేసినవాడు. ఏమియు తెలియనివాడు దానిని వాడినవాడు. అట్టిచోట రుజువుభారము తెలిసినవానిపై ఉండుట సహజన్యాయము. సంతకు వచ్చు ఉప్పునుండియు నూనెనుండియు ఎప్పటికప్పుడు నమూనాలు తీసి పరీక్షించు పనిని రాజ్యము తానే వహింపవలెను; జబ్బుపడినవాని మాటను, వైద్యుడు వ్రాసిన చీటీని తొలి సాక్ష్యముగా స్వీకరింపవలెను; ఫిర్యాదు కోయమాటలో చెప్పినను వ్రాసికొనువాడు ఉండవలెను. ఇవి పెద్ద సంస్కరణలు కావు. పెయిస్లీలోని ఆ పేదరాలికి తెరచిన తలుపును తాలిపేరు ఒడ్డువరకు తెచ్చుట మాత్రమే.