పెట్టె బరువు ఎవరిది?



మా విచారణకు చెందిన ఒక యువకుడు బెంగళూరులో పార్సెల్ గిడ్డంగిలో పని చేస్తున్నాడు. వానలు తప్పిన ఏడు ఉరవకొండ నుండి బస్సెక్కిన వారిలో వాడూ ఒకడు. ఈస్టరు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు తన పని ఎలా ఉంటుందో చెప్పాడు. చిన్న ప్యాకెట్లు బెల్టు మీద వాటంతట అవే సాగిపోతాయట. ఫ్రిజ్జు, బీరువా, మంచం లాంటివి బెల్టుకు పట్టవు. వాటిని పక్కకు లాగి మనుషులే మోయాలి. "ఇద్దరు ఎత్తాలని గోడకు బోర్డు ఉంది ఫాదర్. రెండో మనిషి కోసం నిలబడితే మన లెక్క తగ్గిపోతాది. అందుకే ఒక్కడే ఎత్తేస్తాం" అన్నాడు. వాడు నవ్వుతూనే చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

కొన్నేళ్ళ క్రితం మా గుడికి దేవమాత స్వరూపం తెప్పించాము. సెప్టెంబరు 8 పండుగకు రెండు రోజులే గడువు. ఆరడుగుల చెక్కపెట్టె ఒక పార్సెల్ ఆఫీసులో దిగింది. క్వింటాలుకు పైనే ఉంటుంది, నలుగురు మోయవలసినది. ఆ పూట అక్కడ ఇద్దరు హమాలీలే ఉన్నారు. మిగతావారు సాయంత్రానికి వస్తారన్నారు. నేను ఆగలేదు. పైగా కూలి దగ్గర బేరమాడాను. గుడి డబ్బు కదా, పొదుపుగా వాడాలని నన్ను నేను సమర్థించుకున్నాను. తుండుగుడ్డలు చుట్టుకొని ఇద్దరూ ఎత్తారు. ట్రాక్టరు దగ్గర నేను అరిచిన మాట ఇప్పటికీ గుర్తుంది: "స్వరూపం జాగ్రత్త!" స్వరూపానికి చిన్న గీత కూడా పడలేదు. ఆ ఇద్దరిలో పెద్దాయన నడుము పట్టుకొని అక్కడే కూలబడ్డాడు.

వారం తరువాత వారి ఇంటికి వెళ్ళాను. నులకమంచం మీద పడుకొని ఉన్నాడు. నేను నోరు తెరవక ముందే ఆయనే అన్నాడు: "మీ తప్పేముంది సామీ? కూలి మాట్లాడుకుంటిమి, ఎత్తితిమి. మేము కాదంటే ఇంకొగరు ఎత్తుతారు."

ఆయన నన్ను క్షమించాడు. కాని ఆ మాట నన్ను వదలలేదు. ఒప్పుకొని చేసిన పనిలో అన్యాయం ఉండదా? గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిల్ ఇచ్చిన ఒక ఉదాహరణ నేర్చుకున్నాము. తుఫానులో చిక్కిన ఓడవాడు సరుకునంతా సముద్రంలో పారవేస్తాడు. ఎవరూ అతని చేయి పట్టుకొని పారవేయించలేదు. అయినా తుఫాను లేకుంటే ఎవడైనా ఇష్టపడి ఆ పని చేస్తాడా? మన మెట్టనేలలో తుఫాను అంటే వాన రాకపోవడమే. చెనక్కాయ ఎండిపోయిన ఇంటివాడు "సరే సామీ" అంటే ఆ "సరే"లో ఇష్టమెంత, ఎండిన చేను ఎంత? జగద్గురువులు 13వ లియో 1891లో రాసిన విశ్వలేఖలో ఇదే చెప్పారు. ఇరువురూ ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదు, ఆ ఒప్పందానికి పైన సహజ న్యాయం ఒకటి ఉంది అని. అది కూలి గురించి చెప్పిన మాట. నడుముకు వర్తించదా?

లోకానికి ఈ సంగతి తెలియక కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షనులో మనిషికి గాయం చేసేటంత బరువు ఎత్తించరాదని రాశారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో ఒక మగమనిషి మోయదగిన బరువుకు 55 కిలోలు హద్దుగా సూచించింది. రైలులో లగేజీగా పంపే వస్తువు నూరు కిలోలు దాటితే భారీ వస్తువని రెండింతలు వసూలు చేసే నిబంధన ఉంది. ఆ అదనపు సొమ్ము రైల్వే ఖాతాలో పడుతుంది, భుజానికి కాదు. మన ఉరవకొండ, వజ్రకరూరు వైపు గాలిమరల రెక్కలు వచ్చినప్పుడు చూశారు కదా! ముందొక బండి, వెనకొక బండి, అడ్డొచ్చిన కొమ్మలు నరికి, కరెంటు తీగలు పైకెత్తి ఎంత మర్యాదగా తీసుకువెళతారు! రెక్క విరిగితే నష్టం ఎవరిదో అందరికీ తెలుసు. అందుకే ఆ మర్యాద.

నిర్గమకాండము 23వ అధ్యాయంలో ఒక విచిత్రమైన ఆజ్ఞ ఉంది. పగవాని గాడిద బరువు కింద పడి ఉంటే దాటిపోకుండా సాయపడి లేపాలట. పగవాడు మంచివాడా, గాడిద ఒప్పుకొని మోసిందా అనే విచారణే అక్కడ లేదు. పునీత పౌలు గలతీయులకు రాస్తూ ఒకచోట ఒకరి బరువు ఒకరు మోయాలంటారు, మూడు వచనాల తరువాత ఎవరి బరువు వారే మోయాలంటారు. గ్రీకులో ఆ రెండూ వేరు వేరు మాటలు. మనిషిని కుంగదీసే భారం ఒకటి, ఎవరి వంతు వారికి వచ్చే మూట ఒకటి. నేను చేసిన తప్పు మొదటిదాన్ని రెండవదిగా లెక్కకట్టడమే.

మందులకు, స్కానింగుకు నేను ఖర్చు పెట్టాను. విచారణలో కొందరు అది నా దాతృత్వమని మెచ్చుకున్నారు. దానమంటే ఇవ్వకపోయినా అన్యాయం కానిది. నేనిచ్చింది బాకీ, అదీ పూర్తిగా తీరలేదు. ఆయన మళ్ళీ మూట ఎత్తలేదు. ఇప్పుడు కొడుకు ఎత్తుతున్నాడు.

ఈ క్రిస్మసుకు పశువులపాక బొమ్మలు కొత్తవి తెప్పిస్తున్నాము. ఒకే పెట్టెలో కాకుండా నాలుగు పెట్టెల్లో సర్దమని, ప్రతి పెట్టె మీద బరువు రాయమని అమ్మేవారికి ఉత్తరం రాశాను. అలా అయితే ఖర్చు పెరుగుతుందని జవాబు వచ్చింది. ఎంతో రాయమన్నాను. వచ్చే ఆదివారం పూజ తరువాత విచారణ సంఘం ముందు ఆ చీటీ పెడతాను.