తనువు కూడ దాసోహమే



తను, మన, ధనములను మూడింటిని సమర్పించుటయే దాసోహమని మన పెద్దలు చెప్పిరి. పన్నెండవ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుడు కాయకమును దాసోహమును జంట ధర్మములుగ నిలిపెను. ధనదాసోహము మఠములలోని అన్నపు పంక్తులలో కనబడుచున్నది. మనోదాసోహము నిత్య లింగపూజలో జరుగుచున్నది. తనుదాసోహమనగా బ్రదికియుండగా చేయు సేవ మాత్రమే యని తలచుచున్నాము. ప్రాణము పోయిన పిదపను తనువు చేయగల దాసోహ మొకటి గలదు. అదియే అవయవదానము.

శ్రీకాళహస్తి కన్నప్ప కథ ఎరుగని వారు మనలో లేరు. శివుని కంట నెత్తురు కారగా తన కన్ను పెకలించి యచ్చట నుంచెను. రెండవ కంటను కారగా, తనకు చూపు పోయిన పిదప చోటు తెలియదని కాలి బొటనవ్రేలిని అచ్చట గురుతుగ ఆనించెను. మనము కన్నును పొగడుదుము. ఆ వ్రేలిని మరతుము. ఇచ్చుటకు భక్తి చాలును. ఇచ్చినది చేరవలసిన చోట చేరుటకు ముందుగ గురుతు పెట్టవలెను.

ఈ కాలమున ఆ గురుతు పేరు నమోదు. అవయవముల మార్పిడికి 1994లో కేంద్ర చట్టము వచ్చినది. అవయవముల క్రయవిక్రయములు నేరమైనవి. 2013లో జీవన్‌దాన్ కార్యక్రమము మొదలైనది. అది పంజగుట్టలోని నిమ్స్ నుండి నడచుచున్నది. 2023 నుండి జాతీయ సంస్థ వద్ద ఆధార్ సంఖ్యతో సెల్‌ఫోనులోనే నమోదు చేసికొనవచ్చును. మాదాపూరు, గచ్చిబౌలి కార్యాలయములలో పనిచేయు మన యువకులకు ఇది టీ త్రాగునంత సేపటి పని.

అయినను పని అంతటితో ముగియదు. రహదారి ప్రమాదములో తలకు దెబ్బ తగిలి, మెదడు తిరిగిరాని విధముగ నిలిచిపోయినదనుకొనుడు. నలుగురు వైద్యులు కనీసము ఆరు గంటల ఎడముతో రెండుమార్లు పరీక్షించి బ్రెయిన్‌డెత్ అని నిర్ధారింతురు. పిమ్మట అడుగునది కుటుంబమునే. జహీరాబాదు నుండియో నారాయణఖేడు నుండియో అర్ధరాత్రి పరుగెత్తి వచ్చిన తల్లికి బిడ్డ ఫోనులో ఏమి వ్రాసికొనెనో తెలియదు. ఆమె వలదన్నచో అది ఆమె దోషము కాదు. ఇంటిలో ముందుగ చెప్పని మన దోషము.

గుండెను తీసిన పిదప సుమారు నాలుగు గంటలలో మరియొకరి ఎదలో అమర్చవలెను. 2025 జనవరి 17న ఒక గుండెను ఎల్.బి.నగరు నుండి లక్డీకాపూలునకు మెట్రో రైలులో పదమూడు నిమిషములలో చేర్చిరి. నగరము దారి ఇచ్చినది. ఇంటిలోని మాట దారి ఈయవలదా?

"అంగలోపముతో సమాధి చేయవచ్చునా?" అని పెద్దలు కొందరు అడుగుదురు. ఆ శంకను ఎగతాళి చేయరాదు. అవయవములు తీసిన పిదప వైద్యులు దేహమును చక్కగ కుట్టి బంధువుల కప్పగింతురు. కూర్చుండబెట్టి, చేత ఇష్టలింగముంచి, మన సంప్రదాయము ప్రకారమే సమాధి చేయవచ్చును. లింగైక్యమందిన వానికి అంగము కొరత ఎక్కడిది? ఆ మూత్రపిండము ఏ కులమువానికి చేరునో మనకు తెలియదు. కులము నడుగని బసవన్న బాటలో అంతకు మించిన దాసోహ మేమి?

నేనును నమోదు చేసికొని, రాత్రి భోజనమువేళ ఇంటివారికి చెప్పితిని. నా భార్య రెండు దినములు మాటాడలేదు. మూడవ దినమున, "నా పేరు కూడ వ్రాయుడు" అనెను.

కావున నా మనవి ఇది. బసవజయంతినాడు దాసోహపు పంక్తి ప్రక్కన ఒక బల్ల వేయుడు. ఫోను తెలిసిన పిల్లలు ఇద్దరు కూర్చుండి, ఇష్టపడిన పెద్దలకు తెలుగులో చదివి వినిపించి, ఇంటివారి యెదుటనే నమోదు చేయవలెను. ఎవరిని బలవంతపెట్టరాదు, బలవంతపు దానము దాసోహము కాదు. ఉద్యోగము చేయు పిల్లలు ఈ ఆదివారమే తల్లిదండ్రులకు ఫోనుచేసి తమ మాట చెప్పవలెను.

కన్నప్ప వ్రేలు ఆనించినట్లు మనమును గురుతు పెట్టుదము.