ఊరి పేరు, ఇంటి పేరు

ఒకని దూషింపవలెనన్న మనము "ఊరు పేరు లేనివాడు" అందుము. ఆ రెండింటిని ముడివేసినది మన ఇంటిపేరు. గురజాడ కృష్ణా జిల్లాలోని యొక గ్రామము. ఆ పేరు ధరించిన అప్పారావుగారు (1862–1915) విజయనగరమున జీవితము గడపిరి. వారి 'కన్యాశుల్కము' 1892లో అచ్చటనే ప్రదర్శింపబడెను. నేడు గురజాడ యనగా మనకు దోచునది ఊరు గాదు, మనుష్యుడు.

ఆంగ్లేయులలోను ఈ వాడుక కలదు. ఇంగ్లండున డర్హము ప్రాంతమందలి వాషింగ్టన్ అను గ్రామమును 12వ శతాబ్దమున నొక కుటుంబము తన పేరుగా జేసికొనెను. ఆ వంశజుడైన జార్జి వాషింగ్టన్ 1789లో అమెరికాకు ప్రథమాధ్యక్షుడయ్యెను. స్వాతంత్ర్యమునకై పోరిన యాతడే బానిసలను గూడ నుంచుకొనెను. కావున పేరు కీర్తిని మోయగలదు గాని గుణమునకు పూచీపడజాలదు.

ఇక నా తప్పు చెప్పుకొందును. ఒకనాడు హాజరు పిలుచుచుండగా, క్రొత్తగా చేరిన బాలుని ఇంటిపేరు నా ఇంటిపేరే యయ్యెను. "మీ చుట్టమాండీ, మాస్టారూ?" అని పిల్లలడిగిరి. ఆ బాలుడు మన సంఘము చిరకాలము ఊరివెలుపల నుంచిన కులమువాడు. నేను తడయక "కాదు, కాదు" అంటిని. ఒక్క "కాదు" చాలియుండెడిది. రెండవది విని బాలుడు తల వంచుకొనెను.

1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము తన 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసెను. నా నాలుకపై నది యింకను మిగిలియుండెను! మా పూర్వులు విడిచివచ్చిన యూరిని నేనెన్నడును జూడలేదు. ఆ బాలుడును జూచియుండడు. ఇరువురి పెద్దలును ఆ యూరి నీరే త్రాగియుందురు. ఏ రేవున నెవరు దిగవలెనో నిర్ణయించినవారు మాత్రము మావంటివారే. రేవులను వేరుచేసిరి గాని పేరును వేరుచేయలేకపోయిరి. ఊరు కులమడుగక తన పేరు నందరకు నిచ్చెను. మనము సంపాదింపని యీ పేరునకు గర్వమేల? అది బిరుదు గాదు, ఋణము.

మరునాడు బాలుని చాటునకు బిలిచి క్షమాపణ చెప్పబోయి యాగితిని. కాదన్నది తరగతి యెదుట గదా! మరల హాజరు పిలుచునపుడు అందరును వినునట్లు "నిన్న నేనన్నది తప్పు. మా పెద్దలదియు వీని పెద్దలదియు నొక్కటే యూరు" అంటిని. బాలుడు నవ్వలేదు, నమ్మినట్లును దోపలేదు. "హాజరండీ" అని మాత్రము పలికెను. నమ్మకము ఒక్క మాటతో వచ్చునది కాదు.

చదువరులారా! మీ యింటిపేరే గల యన్యకులజుడు మీకెదురైననాడు, మీ నోట ముందుగా వచ్చు మాట యేదో నేడే విచారించుకొనుడు.