ఆపద ఎవరిది?

ఆరేళ్లు నిండని మగ సింహాన్ని కాల్చకూడదు. ఆఫ్రికాలో సింహాల ట్రోఫీ వేటను (తలను గుర్తుగా దాచుకోవడానికి చేసే వేటను) సమర్థించే శాస్త్రం చాలావరకు ఈ ఒక్క నియమం మీదే నిలబడింది. టాంజానియాలోని సెరెంగెటీలో దశాబ్దాల పాటు సింహాలను గమనించిన పరిశోధకుడు క్రెయిగ్ ప్యాకర్, ఆయన సహచరులు 2004లో దీన్ని లెక్కగట్టి చూపారు. గుంపును కాచే మగ సింహం చస్తే కొత్త మగవి వచ్చి పాతదాని పిల్లలను చంపేస్తాయి. ఒక్క తూటాకు ఒక తరం పోతుంది. వయసు మళ్లినవాటినే కాలిస్తే అప్పటికి పిల్లలు ఎదిగి ఉంటాయి, కాబట్టి సంఖ్య పడిపోదు. వయసు పెరిగేకొద్దీ సింహం ముక్కు మీద నలుపు పెరుగుతుంది. వేటగాడు ముందు ముక్కు చూడాలి, తర్వాతే ట్రిగ్గర్ నొక్కాలి.

నేను పశువైద్యుణ్ణి. నల్లమల అంచు ఊళ్లలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మందలో దేన్ని ఉంచాలి, దేన్ని తీసేయాలి అనే లెక్క నాకు కొత్త కాదు. ఆ లెక్కకు అందని ప్రశ్న వేరే ఉంది. సరదా కోసం చంపినవాడి డబ్బుతో ఒక జాతి బతికితే, ఆ చంపడం ధర్మమవుతుందా?

వేటను సమర్థించేవారి మాట ముందు సరిగా వినాలి. ఆఫ్రికాలో టూరిస్టులు అడుగుపెట్టని అడవి చాలా ఉంది. ట్సెట్సె ఈగలు, దట్టమైన పొదలు, వానొస్తే మూసుకుపోయే దారులు. జీపులో తిరిగి ఫొటోలు తీసుకునేవాళ్లు అక్కడికి రారు. ఒక్క సింహానికి వేలకు వేల డాలర్లు ఇచ్చే వేటగాడు వస్తాడు. గార్డుల జీతాలకు, ఉచ్చులు ఏరేవారి కూలికి ఆ డబ్బే ఆధారం. అది ఆగిపోతే ఆ నేల పొలమో పశువుల బీడో అయిపోతుంది. కెన్యా 1977లోనే వేటను నిషేధించింది. తర్వాతి నాలుగు దశాబ్దాల్లో అక్కడి వన్యప్రాణులు దాదాపు మూడింట రెండు వంతులు తగ్గిపోయాయి. దానికి నిషేధమే కారణమని నేననను. జనాభా పెరిగింది, కంచెలు లేచాయి, మందలు పెరిగాయి, కరువులొచ్చాయి. తుపాకీని ఆపినంత మాత్రాన అడవి నిలవదని మాత్రం తేలింది.

ఎందుకు నిలవదో మన రైతులకు చెబితే వెంటనే అర్థమవుతుంది. వరిలో కాండం తొలిచే పురుగుకు చల్లే కార్బోఫ్యూరాన్ గుళికలే కెన్యాలో సింహాల పాలిట విషం. సింహం ఆవును చంపి, సగం తిని పోతుంది. కాపరి మిగిలిన కళేబరం మీద గుళికలు చల్లుతాడు. తిరిగొచ్చిన సింహంతో పాటు దాని పిల్లలు, హైనాలు, రాబందులు అన్నీ అక్కడే పడిపోతాయి. 2015 డిసెంబరులో మసాయి మారాలో పేరుపొందిన మార్ష్ ప్రైడ్ గుంపులోని కొన్ని సింహాలు కూడా ఇలా విషం పెట్టిన కళేబరం తిని చచ్చిపోయాయి.

ఆ కాపరిని క్రూరుడని అనడానికి నాకు నోరు రాదు. చిరుత చంపిన మేకలకు పోస్టుమార్టం చేసి, పరిహారం కోసం సర్టిఫికెట్ రాయడం నా ఉద్యోగంలో భాగం. చూడి మేక పోయిన ఒక ముసలాయన నేను సంతకం పెడుతుంటే అన్న మాట ఇప్పటికీ మనసులో ఉంది: “చిరుత బతకాల అంటారు, బతకనీ సార్. నష్టం మాత్రం నా ఒక్కడిదేనా?”

ఆ ముసలాయన ప్రశ్నకూ, మొదట నేను వేసుకున్న ప్రశ్నకూ భారతంలో దారి వెతికాను. శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు ఆపద్ధర్మం, అంటే ఆపదలో మాత్రమే చెల్లే ధర్మం, బోధిస్తూ విశ్వామిత్రుడి కథ చెబుతాడు. పన్నెండేళ్ల కరువు. ఆకలితో ప్రాణం పోతున్న ఆ మహర్షి ఊరి వెలుపలి గూడెంలో ఒకరి ఇంట కుక్క మాంసం తీసుకోబోయాడు. ఇంటివాడు మేల్కొని, మీకిది తగదని వాదించాడు. బతికుంటేనే ధర్మం ఆచరించగలనని చెప్పి ఋషి దాన్ని తీసుకుపోయాడు. భారతం ఆయన్ని నిందించలేదు. అలాగని ఆ పనిని ఆచారంగానూ నిలబెట్టలేదు. కరువు ఉన్నంతవరకే ఆ వెసులుబాటు.

అడవి పక్క ఊరు వేటకు ఒప్పుకుంటే అది ఆపద్ధర్మమని నేను నమ్ముతున్నాను. జింబాబ్వేలో 1980ల చివర మొదలైన క్యాంప్‌ఫైర్ పథకం వేట రుసుములో గ్రామాలకు వాటా ఇచ్చింది. ఏనుగులు తొక్కిన చేను, సింహం చంపిన ఆవు ఉన్న ఊరు ఆ వాటా తీసుకుంటే నేను తప్పుపట్టను. మరి కాల్చేవాడికి వచ్చిన ఆపద ఏమిటి? ఆకలి లేదు, పశువు పోలేదు, ప్రాణభయం లేదు. గోడకు ఒక తల తగిలించుకోవాలన్న కోరిక ఒక్కటే ఉంది. చచ్చింది ఒకే సింహమైనా లెక్కలు రెండు. ఊరికి దొరికే మినహాయింపు వేటగాడికి దొరకదు.

2015 జూలైలో జింబాబ్వేలోని హ్వాంగే పార్కు సరిహద్దు దాటి వచ్చిన సెసిల్ అనే సింహాన్ని ఒక అమెరికన్ దంతవైద్యుడు బాణంతో కొట్టాడు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు మెడకు కాలర్ కట్టి గమనిస్తున్న సింహమది. గాయంతో గంటల తరబడి బతికింది, తర్వాత వేటగాళ్లు వెతికి చంపేశారు. దానికి పన్నెండేళ్లు దాటాయి కాబట్టి ఆరేళ్ల నియమం దాన్ని కాపాడేది కాదు. వేటకు యాభై వేల డాలర్ల దాకా ఇచ్చాడని వార్తలొచ్చాయి. అదంతా మంచి పనికే వెళ్లిందనుకుందాం. సింహం మీద ప్రేమ ఉన్నవాడు దాన్ని బతకనిచ్చి కూడా ఆ డబ్బు ఇవ్వగలడు. చంపనిస్తేనే ఇస్తానన్నవాడు చెల్లించింది వెల మాత్రమే. దానికి దాన ఫలం రాదు.

ఊరికిచ్చే మినహాయింపుకైనా హద్దులున్నాయి. టాంజానియా వేట ప్రాంతాల్లో సింహాలు తగ్గడానికి ట్రోఫీ వేటే ప్రధాన కారణమని 2011లో ప్యాకర్ బృందమే తేల్చింది. అక్కడ సింహాల సంఖ్య తట్టుకోగల పరిమితికి మించి కాల్చారు. దక్షిణాఫ్రికాలో కంచెల మధ్య పెంచి కాల్పించే వ్యాపారానికైతే ఆపద్ధర్మం అనే మాటే వర్తించదు. ఆ సింహం ఏ ఊరి ఆవునూ చంపలేదు, ఏ అడవినీ నిలబెట్టలేదు.

ఇక వేట వద్దనే మనందరి బాధ్యత. అరణ్యపర్వంలో ద్వైతవనపు జింకలు ధర్మరాజు కలలోకి వచ్చి, మీ వేటకు మా జాతి అంతరించే దశకు వచ్చిందని, వేరే చోటికి వెళ్లమని వేడుకుంటాయి. ఆయన మేలుకోగానే తమ్ముళ్లతో చెప్పి కామ్యకవనానికి బయలుదేరాడు. జింకలను బతికించడానికి అయ్యే కష్టం తనే పడ్డాడు, మరొకరి మీదికి నెట్టలేదు.

సింహం బతకాలనే వాళ్లూ ఆ కష్టంలో వాటా తీసుకోవాలి. కెన్యాలో లయన్ గార్డియన్స్ సంస్థ మసాయి యువకులకు జీతమిస్తుంది. సింహాన్ని చంపి పరాక్రమం చాటుకునే సంప్రదాయంలో పుట్టినవాళ్లే ఇప్పుడు దాని జాడ తీసి కాపరులను హెచ్చరిస్తున్నారు. నైరోబీ పార్కు పక్కన రిచర్డ్ టురెరె అనే మసాయి బాలుడు దొడ్డి చుట్టూ వెలిగి ఆరే లైట్లు కట్టి తండ్రి పశువులను కాపాడాడు. ఇలాంటి పనులకు ఏటేటా డబ్బు కావాలి. ఫ్రాన్స్, ఆస్ట్రేలియా 2015లో సింహం ట్రోఫీల దిగుమతిని ఆపేశాయి. అది సరైన నిర్ణయమే. అలా తలుపు మూసిన ప్రతి దేశమూ, దాన్ని మెచ్చుకున్న ప్రతి మనిషీ వేటగాడు మానేసిన చెల్లింపును తమ మీద వేసుకోవాలి. ఆపద తీర్చకుండా ఆపద్ధర్మాన్ని ఖండించే అధికారం ఎవరికీ లేదు. ముందు ఆవు ఖరీదు చెల్లించాలి, తర్వాతే వేట ఆపమనాలి.