పిలుపు ఖర్చు ఎవరిది?

'కూతవేటు దూరం' అన్నది తెలుగువారికి ఒక కొలమానం. ఒక మనిషి గొంతెత్తి పిలిస్తే ఎంతవరకు వినిపిస్తుందో అంత దూరమన్నమాట. పిలిచినవారికి బదులు పలకవలసిన బాధ్యత కూడా అనాదిగా ఆ మేరకే పరిమితమై ఉండేది. కూతవేటు దాటి ఉన్నవాడు పలకలేదని ఎవరూ నిందించలేదు. ఎక్కడి నుండి పిలిచినా పలికే గుణాన్ని జనం దేవుళ్లకే ఆపాదించారు. మొబైల్ ఫోను రాకతో కూతవేటుకు హద్దు లేకుండా పోయింది. ఈ సాధనం సాధించిన ప్రగతిని సాధారణంగా దాని పరిమాణంతోనో వేగంతోనో కొలుస్తుంటారు. పిలుపుకయ్యే ఖర్చును ఏ కాలంలో ఎవరు భరించారన్న కోణం నుండి చూస్తే అదే చరిత్రలో ఒక ధర్మసందేహం బయటపడుతుంది.

1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ వీధిలో నిలబడి మోటరోలా ఇంజనీరు మార్టిన్ కూపర్ తొలిసారిగా చేతి ఫోనులో మాట్లాడినప్పుడు ఆ పరికరం బరువు కిలో పైచిలుకు. ఆయన ఆ పిలుపు చేసింది పోటీ సంస్థయైన బెల్ ప్రయోగశాలలలోని జోయెల్ ఎంగెల్‌కు! పదేళ్లకు అది విపణికి సిద్ధమైనప్పుడు దాని వెల 3,995 డాలర్లు. బరువూ వెలా ఆ తరువాత తగ్గుతూ వచ్చాయి. అంతకన్నా లోతైన మార్పు మరొకటి ఉంది. అప్పటివరకు టెలిఫోను నంబరు ఒక స్థలానికి చెందినది. ఇంటికో, కార్యాలయానికో, దుకాణానికో చేసే పిలుపు అది. ఇప్పుడు నంబరు మనిషికి అంటుకుంది. ప్రాంతాన్ని చిన్న చిన్న గడులుగా విభజించి, ఒక్కొక్క గడికి తక్కువ శక్తిగల టవరును నిలిపి, మనిషి ఒక గడి దాటి మరొక గడిలో ప్రవేశించగానే సంభాషణను ఒక టవరు మరొక టవరుకు అప్పగించడమే ఈ విధానానికి మూలసూత్రం. బెల్ ప్రయోగశాలలలో 1947లోనే ఈ ఆలోచన రూపుదిద్దుకుంది. పిలుపు చేరాలంటే ఫోను ఏ ప్రాంతంలో సంచరిస్తున్నదో వ్యవస్థకు ముందే తెలిసి ఉండాలి. అందుబాటులో ఉండటమంటే తన ఉనికిని ఎవరికో తెలియజేస్తూ ఉండటమే.

భారతదేశంలో అంతకు ముందరి పరిస్థితిని గుర్తు చేసుకోవడం అవసరం. 1960లో కాన్పూరు, లక్నో నగరాల మధ్య ఎస్.టి.డి. సౌకర్యం ఆరంభమైనా, సామాన్యుడికి అది అందినది 1980ల చివర వీధివీధినా వెలసిన బూతుల ద్వారానే. రాత్రి పొద్దుపోయాక రుసుము పావు వంతుకు తగ్గుతుంది గనుక జనం ఆ వేళకు బారులు తీరేవారు. మీటరులో అంకెలు కదులుతుంటే మాటలు వాటంతటవే పొదుపుగా వచ్చేవి. ఫోను లేనివారు పొరుగింటి నంబరు పక్కన 'పి.పి.' అని రాసి విజిటింగు కార్డు వేయించుకునేవారు. పొరుగువారి పిల్లవాడు పరుగెత్తుకొచ్చి పిలిస్తే వెళ్లేవారు. 'ఇంట్లో లేరు' అన్న సమాధానానికి అప్పట్లో తిరుగులేదు. దానిని ఎవరూ శంకించేవారు కాదు.

1995 జూలై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుండి ఢిల్లీలోని కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడటంతో దేశంలో మొబైల్ సేవలు ఆరంభమయ్యాయి. అప్పట్లో రద్దీ వేళల్లో నిమిషానికి పదహారు రూపాయలు దాటే రుసుము ఉండేది. పిలిచినవారే కాదు, పలికినవారూ చెల్లించాలి! ఈ విచిత్రమైన పద్ధతి నుండి ఒక మర్యాద పుట్టింది. నంబరు చూసుకుని, పిలుపును తుంచివేసి, దగ్గరలో ఉన్న మామూలు ఫోను నుండి తిరిగి మాట్లాడటం తప్పుగా ఎవరికీ తోచలేదు. పలకడం ఒక ఉపకారం. పలకకపోవడం అపకారం కాదు. పొరుగున బంగ్లాదేశ్‌లో 1997లో మొదలైన గ్రామీణ్‌ఫోన్ పల్లె ఫోను పథకం మరొక దారి చూపింది. అప్పు మీద ఫోను తీసుకున్న గ్రామీణ మహిళ దానిని ఊరందరికీ అందించి రుసుము పుచ్చుకునేది. అక్కడ ఫోను సంచరించింది గాని, ఏ ఒక్కరి ఒంటినీ అంటిపెట్టుకోలేదు.

2003 మే నెల నుండి భారతదేశంలో వచ్చే పిలుపులు ఉచితమయ్యాయి. ఖర్చు మొత్తం పిలిచినవారిదయింది. దానితో పలకనివారికి డబ్బు అన్న సాకు పోయింది. అయినా ఈ దశలోనే సామాన్య జనం తమ తెలివితో 'మిస్డ్ కాల్' అన్న భాషను సృష్టించుకున్నారు. ఒకసారి మోగించి ఆపితే క్షేమంగా చేరినట్టు, రెండుసార్లయితే బయలుదేరినట్టు. పట్నంలో ఉద్యోగం చేసే కొడుక్కి ఊళ్లోని తల్లి మిస్డ్ కాల్ ఇవ్వవచ్చు. కొడుకు తల్లికి ఇస్తే నలుగురూ నవ్వుతారు. స్తోమత కలవాడే ఖర్చు భరించాలన్న నియమాన్ని ఏ ప్రభుత్వమూ శాసించలేదు, ఏ పాఠశాలా నేర్పలేదు. పైగా మిస్డ్ కాల్‌లో నిర్బంధం లేదు. అది తలుపు మీద మెల్లగా ఒక తట్టు. తీరిక చూసుకుని బదులు చెప్పే స్వేచ్ఛ పిలుపు అందుకున్నవారికి మిగిలే ఉండేది. సాంకేతిక చరిత్రకారులు ఈ ఆచారాన్ని పేదరికపు ఉపాయంగా తీసిపారేయడం కద్దు. ఉచిత పిలుపుల కాలం ఇంత సున్నితమైన మర్యాదను ఇంకా కనిపెట్టలేదు.

2009లో సెకనుకు ఇంతని రుసుము లెక్కించే పద్ధతి వ్యాపించింది. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలయ్యాక విడిగా పిలుపుకు వెల కట్టడమే క్రమంగా అంతరించింది. అయితే ఖర్చు మాయం కాలేదు, చేయి మారింది. పిలిచేవాడికి రూపాయి ఖర్చు లేనప్పుడు పిలవబడినవాడు తన కాలాన్ని, ఏకాగ్రతను, ఒక్కొక్కసారి నిద్రను చెల్లిస్తున్నాడు. అవాంఛిత వ్యాపార పిలుపులను అరికట్టడానికి 2007లోనే జాతీయ స్థాయిలో ఒక నమోదు ఏర్పాటు చేయవలసి రావడం ఇందుకు నిదర్శనం. సందేశం చదివినట్టు తెలిపే నీలి గుర్తులు వచ్చాక మౌనానికి కూడా సంజాయిషీ చెప్పుకోవలసి వస్తున్నది.

అలాగని పలకకపోవడమే స్వేచ్ఛ అని తీర్మానించడం తొందరపాటు. 2005లో హైదరాబాదులో ఆరంభమైన 108 అంబులెన్సు సేవ అందుబాటు అన్న మాటకు ప్రాణమంత విలువ ఉన్నదని నిరూపించింది. గల్ఫ్ దేశాలలో కూలికి వెళ్లిన కరీంనగర్, కోనసీమ ప్రాంతాల వారికి ఇంటి నుండి వచ్చే పిలుపే బతుకులోని ఊరట. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆపదలో ఉన్న ఆప్తుని పిలుపూ, అప్పు అంటగట్టేవాని పిలుపూ తరచుగా ఒకే గంటతో మోగుతాయి. ఎత్తితే తప్ప ఏది ఏదో తెలియదు. అందువల్లనే మనస్సాక్షి గలవాడు ప్రతి గంటకూ ఉలిక్కిపడతాడు. అది లేనివాడు హాయిగా నిద్రపోతాడు.

పలకకుండా ఉండే వెసులుబాటు కూడా అందరికీ సమంగా లేదు. అధికారి సమావేశంలో ఉన్నానని ఫోను ఆపుకోగలడు. ఆయన క్రింద పనిచేసే గుమాస్తా ఆపలేడు. పని వేళలు ముగిశాక పిలుపుల నుండి విడివడే హక్కుకు ఫ్రాన్సులో 2017 జనవరి నుండి చట్టబద్ధత వచ్చింది. భారత లోక్‌సభలో 2018 డిసెంబరులో ఒక సభ్యురాలు ఈ ఆశయంతోనే ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు. ఆ బిల్లు దృష్టిలో ఉన్నది ఉద్యోగులు. తెల్లవారుజామున మేస్త్రీ నుండి పిలుపు వస్తుందేమోనని ఫోను చేతిలో పట్టుకుని కూర్చునే భవన నిర్మాణ కూలీకి పని వేళలంటూ లేవు, పలకనని చెప్పుకోవడానికి యజమానంటూ స్థిరంగా ఒకడు లేడు. మొదటి గంటకే ఎత్తకపోతే మేస్త్రీ జాబితాలోని తరువాతి నంబరుకు చేస్తాడు, ఆనాటి కూలి ఆ ఇంటికి పోతుంది.