బొమ్మకు ఎంత వెలుగు కావాలి?

మా గొలుగొండ మండలం కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్లు 1922 ఆగస్టు ఫితూరీ సంగతులు అడుగుతారు. ఆ రోజుల్లో మన్యం జనం ఏం కట్టుకున్నారు, ఏ వాయిద్యం మోగించారు, గోడల మీద ఏం గీశారు అని అడిగేవాళ్లు తక్కువ. అరకులో గిరిజన మ్యూజియం ఉన్నట్టు మనకూ ఒక గది కావాలని కుర్రాళ్లు అంటున్నారు. కావాలి. కానీ అందులో దీపాలు ఎలా ఉండాలన్నది కరెంటు పని చేసే మనిషికి వదిలేసే విషయం కాదు.

సవరల ఎడిసింగ్ బొమ్మనే తీసుకోండి. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో, ఇంటిలోపలి మసక వెలుగులో, పెద్దల కోసం గీసేది. బయటివాళ్లు చూసి మెచ్చుకోవాలని గీసింది కాదు. దానిమీద నాలుగు ఫోకస్ లైట్లు వేస్తే బొమ్మ బాగా కనిపిస్తుంది, అది ఎందుకు పుట్టిందో మాత్రం కనిపించదు. మట్టిరంగు వెలుగుకు వెలిసిపోదు కాబట్టి ఇక్కడ అడ్డుచెప్పేది సైన్సు కాదు, ఆ ఇంటి పెద్దలు. వాళ్లను అడగాలి.

బట్ట సంగతి వేరు. పసుపు, ఆకు రంగులు వెలుగు తగిలేకొద్దీ పోతాయి, పోయిన రంగు తిరిగి రాదు. అందుకే మ్యూజియంలలో బట్టలకు, కాగితాలకు 50 లక్స్ దాటనివ్వరు. 500 లక్స్ కింద ఒక గంట ఉంచినా, 50 లక్స్ కింద పది గంటలు ఉంచినా జరిగే నష్టం దాదాపు ఒకటే. ఇత్తడి కడియానికి, కుండకు ఈ బాధ లేదు.

ఇక బిల్లు. 50 వాట్ల హాలోజెన్ బల్బులు ఇరవై, రోజుకు ఎనిమిది గంటలు వెలిగితే 8 యూనిట్లు. వాటి స్థానంలో 7 వాట్ల ఎల్‌ఈడీలు పెడితే యూనిట్ పైచిలుకే. వేడీ తక్కువ. అయితే బిల్లు తగ్గింది కదా అని ఇంకో ఇరవై దీపాలు తగిలించే బుద్ధి మనకూ ఉంది!

ఒక యువకుడు కోపంగా అనవచ్చు: "మాచ్‌ఖండ్‌లో 1955లోనే కరెంటు పుట్టింది. నీళ్ల కింద ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆదివాసీలే. తీగలు మాత్రం మన గూడేలు దాటుకుని మైదానానికి పోయాయి. ఇన్నాళ్లకు మన గదికి వెలుగొస్తే, దాన్నీ తగ్గించుకోమంటారా?" ఆ కోపం న్యాయమైనదే. పొదుపు చేయమని నీతి చెప్పే హక్కు, కొండ కరెంటు ఇన్నేళ్లు వాడుకున్నవాళ్లకు లేదు. మనం తగ్గిస్తే కరెంటు ఆఫీసు కోసం కాదు, మన అమ్మమ్మ చీర రంగు మన మనవలకూ కనిపించాలని. మిగిలిన డబ్బు, ఆ వస్తువుల కథ చెప్పగల ముసలమ్మకు రోజుకూలిగా ఇవ్వచ్చు.

అక్కడే చిక్కొకటి ఉంది. ముసలి కళ్లకు 50 లక్స్ చాలదు. ఒకప్పుడు తాను కట్టుకున్న చీరను ఆ అవ్వే పోల్చుకోలేకపోతే ఆ గది ఎవరికోసం? కాబట్టి మామూలుగా మసకగా ఉంచి, ఎదుట మనిషి నిలబడినప్పుడు కాసేపు మాత్రం వెలుగు పెంచే స్విచ్ పెట్టుకోవాలి. నడిచే దారిలో, మెట్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఆ స్విచ్ నడుము వంగిన అవ్వ చేతికి అందే ఎత్తులో ఉండాలని గోడ కట్టకముందే మేస్త్రీకి చెప్పాలి.