పిడికెడు బియ్యపు అవ్వ

ఏర్పేడు చుట్టుపట్ల పల్లెలలోనేమి, మీ ఊరిలోనేమి, ప్రతి సంఘమునకు ఒక అవ్వ యుండును. స్త్రీలు పూటపూటకు వంటకు ముందు తీసి దాచిన పిడికెడు బియ్యమును ఆమె ఇంటింట తిరిగి గంపలో కూర్చి దేవాలయమునకు తెచ్చును. ఏండ్లు గడచి మోకాళ్లు పట్టుకొనును, చూపు మందగించును. అప్పుడు మనము, "అవ్వా, ఇక చాలులే, కూర్చో" అని ఆ పనిని ఒక పడుచువానికి అప్పగింతుము. బియ్యము తగ్గదు. అయితే అవ్వ చేసిన సేవ బియ్యము తెచ్చుటయేనా?

ఆమె గడపలో నిలిచి, ఏ యింట పొయ్యి రాజలేదో, ఏ కోడలు ఏడ్చినదో చూచెడిది. కొన్ని యిండ్లలో బియ్యము పుచ్చుకొనక, తన కొంగులోనిదే పెట్టి వచ్చెడిది. పడుచువాడు గంప నింపును గాని యిది యెరుగడు.

1854 జనవరి 1న ఒంగోలు కొండమీద జ్యూయెట్ దొరగారితో ప్రార్థించిన కొద్దిమందిలో జూలియా, రూతు అను స్త్రీలుండిరి. 1878 జూలై 3న ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ లెక్క పుస్తకములకెక్కెను. క్రింది పల్లెలను చూచి ప్రార్థించిన ఆ మనస్సులను ఏ కుంచముతో కొలుతుము?

కాబట్టి అవ్వను ఊరక కూర్చుండబెట్టకుడి. గంప యెత్తకమునుపు ఆ పడుచువాడు ఆమె మంచము యొద్ద కూర్చుండి, "అవ్వా, నేడు ఏ యింటికి ముందు పోవలెను?" అని యడుగనిండు. ఆమె సేవ ఇంకను ముగియలేదు.